ఆర్థో వార్డులో పారాయణం

అది 2018. రియాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఐటీ సపోర్ట్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి అంటే అందరికీ డాక్టర్లు, నర్సులే గుర్తొస్తారు. కానీ కంప్యూటర్ తెరుచుకోకపోతే అక్కడ ఒక్క మాత్ర కూడా కదలదు. ఏ మందు ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలో నర్సు తెర మీద చూసుకోవాలి, రోగి చేతికున్న పట్టీని స్కాన్ చేయాలి, ఆ తరువాతే ఇవ్వాలి. ఆ తెరలు, స్కానర్లు, ప్రింటర్లు, వార్డుల్లో ఉండే టాబ్లెట్లు అన్నీ మా బాధ్యత. ఏది మొరాయించినా వార్డు వాళ్ళు కంప్యూటర్లోనే ఫిర్యాదు రాసి పంపుతారు. దాన్ని మేము టికెట్ అంటాం. ప్రతి టికెట్‌కూ ఒక తరగతి, ఒక గడువు ఉంటాయి. గడువులోపల పని చేసి మూసేయడమే మా వృత్తి.

ఆ ఏడు మా డెస్క్‌లో ఐదుగురం ఇద్దరమయ్యాం. నితాకత్ అని అక్కడొక పద్ధతి ఉంది. కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి దానికొక రంగు ఇస్తారు. ఎరుపులో పడిన కంపెనీకి కొత్త వీసాలు ఆగిపోతాయి. దానికి తోడు ప్రతి విదేశీ ఉద్యోగి మీదా యాజమాన్యం కట్టే లెవీ ఆ జనవరి నుంచి పెరిగింది. ఎక్కడికక్కడ మనుషుల్ని తగ్గించారు. మిగిలిన ఇద్దరిలో నేనొకణ్ణి. అందుకోసం ఎవరినీ సిఫారసు అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. జగిత్యాల వైపు ఒకప్పుడు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉన్న కుటుంబం మాది. నేను పుట్టేనాటికే భూములు పోయాయి, గడి కూలిపోయింది. మిగిలింది చదువు, నిటారుగా నిలబడే అలవాటు. వాటితోనే ఇంత దూరం వచ్చాను.

మార్చి నెలలో ఒక ఉదయం ఆర్థోపెడిక్ వార్డు నుంచి ఒక టికెట్ వచ్చింది. ఎముకలు విరిగినవాళ్ళ వార్డు అది. తరగతి అన్నచోట "ఇతరములు" అని ఉంది. కింద రెండే వాక్యాలు: "పద్నాలుగో బెడ్ పేషెంట్ అన్నం తినడం లేదు. ఐటీ వాళ్ళు రావాలి."

మా సూపర్‌వైజర్ నా భుజం మీదుగా చదివి పెద్దగా నవ్వాడు. "వంటింటికి పోవాల్సింది నీకొచ్చింది," అన్నాడు. నేను నవ్వలేదు. వార్డుకు ఫోన్ చేశాను.

"రాసింది నేనేనండీ," అంది అవతలి గొంతు. స్టాఫ్ నర్స్ సుగుణ. పాలకొల్లు ఆవిడ, ఆ వార్డులో తొమ్మిదేళ్ళుగా ఉంది. "పొరపాటున రాయలేదు సార్. మీరొకసారి పైకి రండి. మన తెలుగాయనే. ఇవాళ మీరు రాకపోతే ఆయన తినడు, ఆయన తినకపోతే నేను తినను."

పైకి వెళ్ళాను. నడవాలోనే నన్ను ఆపి సంగతి చెప్పింది.

"నిన్న సాయంత్రం తీసుకొచ్చారండి. షట్టరింగ్ కార్పెంటర్. పరంజా మీంచి పడ్డాడు. రెండు ముంజేతులూ విరిగాయి. ఎడమదానికి కట్టు చాలు. కుడిదానికి మాత్రం ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలి. ఈయనేమో షుగర్ పేషెంటు. షుగర్ దిగి నిలకడగా ఉంటే గానీ ఆపరేషన్ చెయ్యరు. షుగర్ దిగాలంటే ఇన్సులిన్ ఇవ్వాలి. ఇన్సులిన్ ఇవ్వాలంటే ఆయన తిండి తినాలి. తినాలంటే..."

"తినాలంటే?"

"అది ఆయన నోటితోనే వినండి. నేను చెప్తే మీకు నవ్వొస్తుంది."

పద్నాలుగో బెడ్ మీద యాభై ఏళ్ళ మనిషి దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులకూ మోచేతుల పైదాకా కట్లు, వేళ్ళ చివరలదాకా దూది. నుదుటి మీద మాత్రం చెక్కుచెదరని బొట్టు. నేను తెలుగులో పలకరించగానే ముఖం విప్పారింది.

"సార్ది ఏ ఊరు?"

చెప్పాను.

"అయ్యో! గడి దొరలా? మా అమ్మమ్మది మీ ఊరే దొరా! నా పేరు గంగారాం. జర కూసోండ్రి, నిలవడితిరి."

"పర్వాలేదు. ఎందుకు తింటలేవు?"

"నేను దీక్షల ఉన్న దొరా. నలభై ఒక్క దినాలు. దేవుని కథ రోజుకో అధ్యాయం సదువాలె. సదివినంకనే పచ్చి మంచినీళ్ళైనా. నిన్నటికి ఇరువై మూడు అయినయ్. పదకొండేండ్ల సంది పట్టుకున్న. ఒక్కనాడు తప్పలే."

"చదువుకోరాదు మరి?"

ఆయన తన రెండు కట్లనూ కొంచెం పైకెత్తి చూపించాడు. "ఫోన్ల సదువుత నేను. అది పరంజ మీదికెల్లి నాకంటే ముందుగాల వడ్డది. దానికి కట్టు గూడ కట్టరాకుంట అయింది."

పక్క బెడ్ మీద కాలు పైకి కట్టించుకుని పడుకున్న పాకిస్తానీ ట్రక్కు డ్రైవర్ ఉన్నాడు. అందరూ ఖాన్ సాబ్ అనేవారు. మా మాటలు అర్థం కాకపోయినా కట్లు ఎత్తి చూపించడం చూసి ఆయన కిసుక్కున నవ్వాడు.

కార్మికులుండే గల్ఫ్ క్యాంపుల సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పారాయణ గ్రంథాన్ని పుస్తకంగా సంచిలో పెట్టుకుని అక్కడికి వెళ్ళడం కుదరదు; వేరే మతాల పుస్తకాలను తనిఖీలో తీసేసుకోవచ్చని అక్కడున్న అందరికీ తెలుసు. కాబట్టి ఎవరి దేవుడు వారి ఫోనులో ఉంటాడు. షిఫ్టుకు ముందు మంచం మీద కూర్చుని, గొంతు పెంచకుండా చదువుకుంటారు. సిస్టర్ సుగుణ కూడా అంతే. డ్యూటీ ఎక్కేముందు లాకర్ల దగ్గర నిలబడి ఫోనులో బైబిల్ వాక్యం చదువుకుని, నచ్చిన మాట మీద పసుపు రంగు గీత గీసుకునేది.

"వినరాదు మరి? ఆడియో పెడ్త," అన్నాను గంగారాంతో.

"ఇనుడు ఇనుడే దొరా, సదువుడు సదువుడే. నా నోటితోటి సదువుతనని మొక్కిన."

అంతలో డాక్టర్ హాతిమ్ రౌండ్స్‌కు వచ్చాడు. ఈజిప్టు మనిషి, పెద్ద సర్జన్. నేను ఇంగ్లీషులో విషయం చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన తల పంకించి, "విర్ద్?" అన్నాడు. రోజూ తప్పకుండా చదువుకునే భాగాన్ని అరబ్బీలో అలా అంటారట. తన కోటు జేబులోంచి ఫోను తీసి చూపించాడు. "నాదీ ఇందులోనే. తెల్లవారుజామున చదువుతాను. చదవనివ్వు. కానీ రోజూ పన్నెండు లోపల తినాలి. లేదంటే ముక్కులోంచి గొట్టం వేసి తినిపిస్తాను. నాకు గొట్టాలంటే చాలా ఇష్టమని అతనికి చెప్పు."

నడవాలోకి వచ్చాక మాత్రం నవ్వులేకుండా చెప్పాడు. "రెండు వారాలు దాటితే కుడి ఎముక వంకరగానే అతుక్కుంటుంది. తరువాత నేనేం చేసినా ఆ చేయి మళ్ళీ సుత్తి పట్టదు. షుగర్ ఈ వారంలో దిగాలి."

అప్పటికి పది దాటింది. స్టోరుకు వెళ్ళి, వార్డుల్లోంచి తీసేసిన పాత టాబ్లెట్ ఒకటి నా పేరు మీద సంతకం పెట్టి తీసుకున్నాను. గంగారాం గదిమనిషి ఆ గ్రంథాన్ని క్యాంపు నుంచి వాట్సాప్‌లో పంపాడు. సెలైన్ సీసా తగిలించే స్టాండుకు క్లాంప్ బిగించి, టాబ్లెట్‌ను ఆయన ముఖానికి ఎదురుగా నిలబెట్టాను. కళ్ళద్దాలు కూడా ఆ పడటంలో పగిలాయి కాబట్టి అక్షరాలు పెద్దవి చేయాల్సి వచ్చింది. అక్షరం పెరిగితే పేజీలు పెరుగుతాయి. ఒక అధ్యాయం యాభైకి పైగా పేజీలైంది.

ఇక్కడ మా వృత్తి విషయం ఒకటి చెప్పాలి. ఈ టచ్ తెరలు నొక్కుడుకు పనిచేయవు. మనిషి ఒళ్ళు తగిలినప్పుడు తెర మీది విద్యుత్తులో వచ్చే చిన్న మార్పును గుర్తుపట్టి పనిచేస్తాయి. కట్టు తగిలినా, కర్ర తగిలినా వాటికి తెలియదు. ఒంటి చర్మం తగిలితే తెలుస్తుంది. గంగారాం చేతుల్లో చర్మం ఎక్కడా బయటికి లేదు.

"నేను తిప్పుతానండి, నాకేం అభ్యంతరం లేదు," అంది సిస్టర్ సుగుణ. నాలుగు పేజీలు తిప్పిందో లేదో పదో బెడ్ గంట మోగింది. తిరిగొచ్చి రెండు తిప్పింది, ఆరో బెడ్ గంట మోగింది. ఆమె చేతికింద ఎనిమిది మంది రోగులు. ఇక నేనే నిలబడ్డాను.

గంగారాం మామూలుగా చదివేవాడైతే అరగంటలో అయిపోయేది. ఆయన ప్రతి పద్యాన్నీ లోగొంతుకలో రాగం తీసి, మళ్ళీ అర్థం చదివి, ఒక క్షణం కళ్ళు మూసుకుని, అప్పుడు నా వైపు చూసేవాడు. నేను వేలితో తెర కుడి అంచు తాకేవాణ్ణి. గంటన్నర పట్టింది.

మధ్యలో ఆయనకే నవ్వొచ్చింది. "దొర బిడ్డ నాకు పేజీలు తిప్పవట్టె. మా తాత సూస్తే కండ్లు తిరిగి పడుతుండె."

"ఇది డ్యూటీ. నువ్వు చదువు," అన్నాను.

పన్నెండుకు పది నిమిషాల ముందు అధ్యాయం ముగిసింది. సిస్టర్ ఇన్సులిన్ ఇచ్చి, పప్పన్నం కలిపి చెంచాతో తినిపించింది. ఆవిడా తిన్నది. నేను కిందికి వెళ్ళేసరికి నా పేరు మీద పదకొండు టికెట్లు ఉన్నాయి. సూపర్‌వైజర్ గడియారం చూపించాడు. ఇంకా పదిహేడు రోజుల పారాయణం ఉంది. రోజూ గంటన్నర నిలబడటం కుదరదు. గంగారాం తనంతట తాను పేజీ తిప్పుకునే దారి ఒకటి కావాలి.

రెండో రోజు పొద్దున్నే మూడు ఉపాయాలతో వెళ్ళాను.

మొదటిది ఆటో స్క్రోల్. అక్షరాలు వాటంతట అవే మెల్లగా పైకి జరుగుతుంటాయి. వేగం ఎంత తగ్గించినా ఆయన రాగం తీసేచోట ఆగవు. ఆయన కళ్ళు మూసి తెరిచేలోపల రెండు పద్యాలు పైకెళ్ళిపోయాయి.

"దొరా, ఇది నన్ను తరుముతున్నట్టే ఉన్నది," అన్నాడు రొప్పుతూ. "సదువుడు గాదు, బస్సెన్క ఉరుకుడు."

రెండోది వాయిస్ కమాండ్. మాట చెబితే పేజీ తిరుగుతుంది. "నెక్స్ట్" అనడం నేర్పాను. బాగానే నేర్చుకున్నాడు. కానీ మైకు ఆయన పారాయణాన్ని కూడా ఆదేశాలుగానే తీసుకుంది. ఒక పద్యం గట్టిగా ఎత్తుకోగానే నాలుగు పేజీలు ముందుకు దూకింది. ఇంకోదానికి మొదటి అధ్యాయానికి వెళ్ళిపోయింది. ఖాన్ సాబ్ కడుపు పట్టుకుని, "అరే, యే మషీన్ తో మౌల్వీ బన్ గయీ! బీచ్ మే బోల్‌తీ హై!" అని, మిషనే మౌల్వీ అయి మధ్యలో దూరుతోందని నవ్వితే వేలాడదీసిన కాలు ఊగి, ఆయనే "హాయ్ అమ్మా" అని మూలిగాడు.

మూడోది మౌత్ స్టిక్. చేతులు పనిచేయనివారు పళ్ళతో పట్టుకుని తెర తాకడానికి వాడే పుల్ల. చివర ప్రత్యేకమైన రబ్బరు ఉంటుంది. దాని మీద ఆశపెట్టుకుని ఫిజియోథెరపీ విభాగం నుంచి అడిగి తెచ్చాను. నోటి దగ్గర పెట్టగానే గంగారాం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"దొరా, మీరే గిట్లంటే ఎట్ల? నోట్లె వెట్టిన కట్టెతోటి దేవుని కథను ముట్టాల్నా? ఎంగిలి గాదూ?"

పుల్లను జేబులో పెట్టేశాను. చేతకాని పరికరం తెచ్చి ఉంటే బాధపడేవాణ్ణి కాదు. ఎంగిలి సంగతి నాకు తెలియక కాదు, తట్టక. ఆ రోజూ నేనే నిలబడి తిప్పాను. పన్నెండు దాటి ఐదు నిమిషాలైంది. డాక్టర్ హాతిమ్ గుమ్మంలోంచి గొట్టం ఒకటి ఊపి చూపించి వెళ్ళాడు. షుగర్ కొంచెం దిగింది, సరిపోయేంత కాదు.

మూడో రోజు కూడా నేనే నిలబడి తిప్పాను గానీ, నాకు పట్టుదల పెరిగింది. మెడికల్ రికార్డుల విభాగంలో డాక్టర్లు చెప్పినవి విని టైపు చేసేవారు ఉంటారు. చేతులు టైపు చేస్తుంటే రికార్డింగును ఆపడానికి, నడపడానికి వాళ్ళ కాళ్ళ దగ్గర ఫుట్ పెడల్ ఉంటుంది. మనిషి తగ్గిన కుర్చీ ముందు ఒకటి ఖాళీగా పడి ఉంది. దాన్ని తీసుకుని సాయంత్రం ఇంటికి పోకుండా కూర్చుని, పాత టాబ్లెట్‌కు కలిపాను. నొక్కితే పేజీ ఖచ్చితంగా ఒక్కటే తిరుగుతోంది. నలభైసార్లు నొక్కి చూశాను, ఒక్కసారీ తప్పలేదు. నా వృత్తిలో అంత శుభ్రంగా కుదిరిన అమరిక అంతకుముందు లేదు.

మర్నాడు పొద్దున డాక్టర్ హాతిమ్‌ను, సిస్టర్‌ను కూడా పిలిచాను. బెడ్ చివర పెడల్‌ను బిగించి, గంగారాం కుడిపాదం కింద అమర్చాను. "ఒక్కసారి నొక్కు," అన్నాను.

గంగారాం పెడల్ వైపు చూశాడు. దాని తీగ వెంట చూపు నడిపించి, టాబ్లెట్ దాకా వచ్చాడు. తెర మీద ఆ రోజు అధ్యాయం మొదటి పద్యం ఉంది. రెండు కాళ్ళూ గభాలున కడుపులోకి ముడుచుకున్నాడు.

"కాలా?" అన్నాడు. "కాలుతోటి తన్నాల్నా దొరా?"

"తన్నుడు కాదు. పెడల్ వేరే ఉంది, గ్రంథం వేరే ఉంది. నీ కాలు దానికి తగలదు."

"తీగె తగిలే ఉన్నది గద!"

మా ఇంట్లో గ్రంథాన్ని పీట మీద పెట్టి, చేతులు కడుక్కుని తెరిచేవారు. పొరపాటున కాలు తగిలితే మూడుసార్లు కళ్ళకు అద్దుకునేవారు. అటువంటి ఇంట్లో పుట్టిన నేను రాత్రంతా కూర్చుని, గ్రంథానికి కాలు తగిలే ఏర్పాటు చేసి, దాన్ని చూడటానికి నలుగురిని పిలిచాను. "ఏంటంటున్నాడు?" అని డాక్టర్ అడుగుతున్నాడు. సిస్టర్ సుగుణే నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ముఖం గంభీరమైంది. "అయ్యో," అన్నాడు. "నేనైనా ఒప్పుకోను."

పెడల్ విప్పడానికి వంగాను. అప్పుడు గంగారాం అన్నాడు: "దొరా, మీరేం మనసుల వెట్టుకోకుండ్రి. నా కోసమే చేసిండ్రు. గానీ కాలు ఆడిదాక వోయింది. దండం వెట్టుకోవాలె. చేతులు లెవ్వాయె. జర ఆ స్టాండు దగ్గరికి జరపుండ్రి."

స్టాండు ముందుకు జరిపాను. ఆయన దిండ్ల మీంచి లేచి, నడుము వంచి, కళ్ళు మూసుకుని, ఏదో గొణుక్కుంటూ నుదురు తీసుకెళ్ళి టాబ్లెట్‌కు ఆనించాడు. క్షమించమని అడుగుతున్నాడు.

పేజీ తిరిగింది.

ముందు చూసింది ఖాన్ సాబ్. "పన్నా పలట్ గయా! భాయ్, పన్నా పలట్ గయా!" అని మంచం మీంచే కేక పెట్టాడు. గంగారాం కళ్ళు తెరిచాడు. ఎదురుగా రెండో పేజీ ఉంది. నా వైపు చూశాడు.

"మీరు ముట్టిండ్రా?"

"లేదు."

"సిస్టరూ?"

"నేనిక్కడే ఉన్నానండి బాబూ, చేతులు జేబులో ఉన్నాయి!"

నుదుటి చర్మం తెర కుడి అంచుకు తగిలిందని నాకు అర్థమైంది. వేలికీ నుదుటికీ ఆ గాజుకు తేడా తెలియదు. మూడు రోజులుగా నోరు, గొంతు, కాలు వెతికాను గానీ, గ్రంథానికి మన మనిషి తనంతట తాను ఏది ఆనిస్తాడో దాన్ని వదిలేశాను.

"గంగారాం, ఇంకోసారి మొక్కు," అన్నాను.

మొక్కాడు. మూడో పేజీ వచ్చింది. ఆయన నవ్వు చెవులదాకా పాకింది. "నుదురు తప్పుగాదు గద దొరా?" అని అడిగాడు. అడుగుతూనే తనే జవాబు చెప్పుకున్నాడు. "ఎందుకు తప్పయితది? పుస్తకమైతే కండ్లకద్దుకుంటుంటిమి గద!"

డాక్టర్ హాతిమ్ తన నుదుటి మీద వేలు పెట్టుకుని, "మేమూ దీన్నే వాడతాం," అని, ఆనందం పట్టలేక నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకు అలవాటు లేదు గానీ, ఆ రోజు బాగానే అనిపించింది.

ఇక పని నాది. మొక్కినప్పుడు తల ఎప్పుడూ ఒకేచోట తగలదు. మధ్యలో తగిలితే మెనూ తెరుచుకుంటోంది. సెట్టింగుల్లోకి వెళ్ళి తెర మీద ఎక్కడ తాకినా తరువాతి పేజీయే వచ్చేట్టు మార్చాను. ఎక్కువసేపు ఆనిస్తే అక్షరాలు నీలంగా మారి నిఘంటువు తెరుచుకుంటోంది. గంగారాం భక్తి ఎక్కువైనచోట నుదురు తొందరగా తీయడు. అందుకని ఆ గడువును చివరిదాకా పెంచాను. స్టాండు ఎత్తు ఆయన వంగినప్పుడు నడుము నొప్పెట్టనంత ఉండాలి. ఆయన్ని పదిసార్లు మొక్కించి, ఆ ఎత్తు దగ్గర స్టాండు మీద టేపుతో గుర్తు పెట్టాను. ఒక్కోసారి రెండు పేజీలు తిరిగేవి. వెనక్కి తిప్పడానికి నన్ను పిలిచేవాడు కాదు. అధ్యాయం చివర మళ్ళీ మొదటి పేజీ వచ్చేట్టు పెట్టాను కాబట్టి, మొక్కుతూ చుట్టు తిరిగి ఆ పేజీకే వచ్చేవాడు. "రెండు దండాలు ఎక్కువ వడితే నష్టమేమున్నది?" అనేవాడు.

ఒక చిక్కు మాత్రం రోజూ ఉండేది. ఆయన గదిమనిషి తెచ్చిన కుంకుమతో సిస్టర్ రోజూ బొట్టు పెట్టేది, పారాయణం అయ్యేసరికి అదంతా తెర మీదే. సిస్టర్ స్పిరిట్ దూదితో తుడవబోతే ఆయన అడ్డుపడ్డాడు.

"సిస్టరూ, గది మందు గాదా? దాంతోటి దేవుణ్ణి తుడుస్తరా?"

"తాగేది కాదండి, ఒంటికి రాసేది!"

"ఏదైతేంది, వాసన అదే గద!"

అప్పటినుంచి మంచినీళ్ళలో తడిపిన గుడ్డ వాడారు. ఆ గుడ్డను ఆవిడ వేరే గిన్నెలో విడిగా పెట్టేది. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఉదయం ఎనిమిదికి స్టాండు పెట్టడం, తొమ్మిదిన్నరకు తీయడం, అంతే. పదికల్లా ఆయన అన్నం తినేవాడు. వేళకు తిండి, వేళకు ఇన్సులిన్. నాలుగు రోజుల్లో షుగర్ అదుపులోకి వచ్చింది. తొమ్మిదో రోజు ఆపరేషన్ పెట్టారు. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినకూడదు కదా. వార్డులో ప్రతి రోగికీ ఆ మాట పదిసార్లు చెప్పాల్సి వస్తుంది. గంగారాంకు చెప్పబోతే, "ఇది నాకు కొత్తనా సిస్టరూ?" అన్నాడట. తెల్లవారుజామునే స్టాండు అడిగి పెట్టించుకుని, ఆ రోజు అధ్యాయం ముగించి, నుదుట చెమటతో కుంకుమ కారుతుండగా థియేటర్లోకి వెళ్ళాడు. డాక్టర్ హాతిమ్ దాన్ని తుడవనివ్వలేదని, టోపీ కిందికి లాగి కప్పేశాడని తరువాత విన్నాను. ప్లేటు చక్కగా కూర్చుంది.

మిగిలిన అధ్యాయాల్లో కొన్ని వార్డులో, కొన్ని క్యాంపులో పూర్తయ్యాయి. పాత టాబ్లెట్‌ను తీసివేతల జాబితాలోంచి సరైన పద్ధతిలో అనుమతి రాయించి ఆయనకే ఇప్పించాను. టికెట్ మూస్తూ తరగతి మార్చమంటే సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. "ఇతరములు"గానే ఉండిపోయింది.

ఆ తరువాత నా పద్ధతి మారింది. అంతకుముందు ఎవరికి పరికరం అమర్చాల్సి వచ్చినా, మీరు ఏం చేయలేరు అని అడిగేవాణ్ణి. అప్పటినుంచి, ఏం చేయడానికి మీకు మనసొప్పదు అని ముందు అడుగుతున్నాను. అడిగితే ఎవరైనా చెప్తారు. ఒక పెద్దావిడ కెమెరా తన వైపు ఉంటే మాట్లాడనంది. ఒక ముసలాయన ఎడమచేత్తో ఏదీ ముట్టనన్నాడు. ఆ ఒక్క మాట ముందు తెలిస్తే నా పని సగం అయిపోతుంది. ఏ కోర్సులోనూ ఇది నాకు చెప్పలేదు.

రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం గంగారాం మా డెస్క్ దగ్గరికి వచ్చాడు. ఫిజియోథెరపీకి వచ్చాడట. ఎడమచేయి పూర్తిగా కోలుకుంది. కుడిచేతి మీద పొడవైన గాటు, వేళ్ళు సన్నబడి ఉన్నాయి. ఎడమచేతిలో ప్లాస్టిక్ డబ్బా ఒకటి పట్టుకున్నాడు. అందులో ఖర్జూరాలు, పటికబెల్లం ముక్కలు.

"దీక్ష ఎప్పుడో అయిపోయింది గద?" అన్నాను.

"సదువుడు అయిపోయింది దొరా. ప్రసాదం పంచలే. కుడిచెయ్యితోని పంచాలె గద. ఇన్నొద్దులు ఇది మూసుకోకపాయె. ఇయ్యాల పొద్దుగాల రబ్బరు బంతి పట్టుకున్న, కింద వడలే. సీదా మీ దగ్గరికే వచ్చిన."

డబ్బా మూత నన్ను తీయనివ్వలేదు. ఎడమచేత్తో తనే తీశాడు. కుడిచేతి వేళ్ళు డబ్బాలోకి పోనిచ్చి, ఒక ఖర్జూరం కోసం వెతికాడు. దొరికింది, జారింది. మళ్ళీ పట్టాడు. మా సూపర్‌వైజర్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడటం ఆపి చూస్తున్నాడు. మెల్లగా, ఆ ఖర్జూరం డబ్బా అంచు దాటి పైకి వచ్చింది.

"ముందుగాల వార్డుకు పోయి సిస్టర్‌కు ఇయ్యి," అన్నాను. "అన్నం తినిపించింది ఆమె."

"ఆమెకున్నది, డాక్టర్‌సాబ్‌కున్నది. ఖాన్ సాబ్ ఫోన్ నంబర్ గూడ దొరికింది. ఎవలిది వాళ్ళకున్నది. మొదలు మాత్రం మీకే."

మా ఇంట పారాయణం ముగిసినప్పుడు తొలి ప్రసాదం మా తాతగారికే వచ్చేదట. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే ఎవరో తెచ్చి పెట్టేవారు. ఆయన ఎడమచేతిలో చుట్టను దించకుండానే కుడిచేయి చాపేవారని మా నాయనమ్మ గర్వంగా చెప్పేది. అది ఇంటిపేరుకు వచ్చిన ప్రసాదం. నాకు వస్తున్నది పేజీలు తిప్పినందుకు. రెండింటిలో ఏది పెద్దదో అడిగితే ఆ క్షణం దాకా నేను వేరే జవాబు చెప్పేవాణ్ణి.

కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ దోసిలి పట్టాను.